వర్డ్‌లో క్రాప్ చేసిన ఫొటో ఎక్కడికీ పోదు

హోస్ట్: నమస్తే, హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాం. థీసిస్ సబ్మిషన్ల సీజన్ వచ్చిందంటే యూనివర్సిటీ రోడ్డులో జిరాక్స్ షాపుల ముందు బండి ఆపడానికి జాగా దొరకదు. ఆ షాపుల్లో ఎక్కువ గొడవ దేని గురించో తెలుసా? స్పెల్లింగుల గురించి కాదు, ఫొటోల గురించి. అందుకే ఇవాళ డీటీపీ పని చేసే ఒక అన్నను పిలిచాం. అన్నా, నమస్తే.

అన్న: నమస్తే చెల్లె. గొడవ అంటే గొడవే. "రాత్రి ఇంట్లో చూసినప్పుడు బాగానే ఉంది, మీ సిస్టంలో ఫొటో పక్కకు ఎందుకు జరిగింది" అని అందరూ నన్నే అడుగుతారు.

హోస్ట్: జరగడం సంగతి తర్వాత చూద్దాం. ముందు క్రాప్. ములుగు నుంచి ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పెట్టారు. రామప్ప గుడి ఫొటోలో పక్కన నిలబడ్డ స్నేహితుల్ని వర్డ్‌లోనే క్రాప్ చేసి, ఫైల్ గైడ్‌కు పంపారట. ఆయన క్రాప్ బటన్ నొక్కగానే స్నేహితులంతా తిరిగి వచ్చేశారట. అదెట్లా?

అన్న: ఎందుకంటే వాళ్లు ఎక్కడికీ పోలేదు! వర్డ్‌లో క్రాప్ అంటే కోయడం కాదు, దాచడం. ప్యాంటు పొడుగైతే టైలర్ బట్ట కోయకుండా లోపలికి మడిచి కుడతాడు చూడు, అట్లా. మొత్తం ఫొటో ఫైల్ లోపలే ఉంటుంది. పైనుంచి ఇంత శాతం, ఎడమ నుంచి ఇంత శాతం చూపించొద్దు అని వర్డ్ పక్కన రాసి పెట్టుకుంటుంది, అంతే. ఫొటో మీద క్లిక్ చేసి మళ్లీ క్రాప్ నొక్కితే, దాచిన భాగం బూడిద రంగులో కనిపిస్తుంది.

హోస్ట్: అంటే అది మంచిదా, చెడ్డదా?

అన్న: పని నడుస్తున్నంత సేపు మంచిదే. గైడ్ "గోపురం పైభాగం తెగింది, మళ్లీ పెట్టు" అంటే ఫొటో వెతుక్కోవాల్సిన పని లేదు, ఫొటో అంచున ఉండే హ్యాండిల్ వెనక్కి లాగితే చాలు. ఫైల్ మన చేతి నుంచి బయటికి పోయేటప్పుడే టెన్షన్. స్నేహితులు కనిపిస్తే నవ్వుకుంటాం, సరే. కానీ అప్లికేషన్లో ఆధార్ కార్డు ఫొటో పెట్టి, నంబరున్న భాగం క్రాప్ చేసి పంపేవాళ్లు ఉన్నారు. నంబరు దాచామని వాళ్లనుకుంటారు. దాని మీద నల్ల డబ్బా గీసి పంపేవాళ్లదీ అదే కథ. డబ్బా పక్కకు జరిపితే కింద నంబరు ఉంటుంది.

హోస్ట్: అమ్మో. మరి ఆధార్ ఇవ్వాల్సి వస్తే?

అన్న: మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మొదటి 8 అంకెలు దాచి, చివరి 4 మాత్రమే చూపిస్తుంది. దాచే పని వర్డ్ మీద పెట్టొద్దు.

హోస్ట్: దాచిన భాగం నిజంగా లోపలే ఉందని మన కళ్లతో చూడొచ్చా?

అన్న: చూడొచ్చు, షాపులో పిల్లలకు నేను చూపిస్తుంటాను. డాక్స్ (.docx) ఫైల్, అంటే మన వర్డ్ ఫైల్, నిజానికి ఒక జిప్ ఫైలే, ఫైళ్ల మూట. కాపీ ఒకటి తీసుకుని, పేరు చివర డాక్స్ తీసేసి జిప్ అని పెట్టండి. తెరిస్తే వర్డ్ అనే ఫోల్డర్, అందులో మీడియా అనే ఫోల్డర్ ఉంటాయి. మీరు పెట్టిన ఫొటోలన్నీ క్రాప్ కాకుండా, నిండుగా అక్కడ ఉంటాయి. వర్డ్ ఫైల్లోంచి ఫొటోలన్నీ ఒకేసారి బయటికి తీయాలన్నా ఇదే దారి.

హోస్ట్: ఇది నాకు కొత్త. సరే, పూర్తిగా తీసేయాలంటే?

అన్న: ఫొటో మీద క్లిక్ చేస్తే పైన పిక్చర్ ఫార్మాట్ ట్యాబ్ వస్తుంది. అందులో కంప్రెస్ పిక్చర్స్ నొక్కండి. "డిలీట్ క్రాప్డ్ ఏరియాస్" దగ్గర టిక్ ఉండాలి. దాని పైనే "అప్లై ఓన్లీ టు దిస్ పిక్చర్" అని ఇంకో టిక్ ఉంటుంది. మామూలుగా అది పెట్టే ఉంటుంది, అది తీసేయాలి. లేకపోతే ఆ ఒక్క ఫొటోకే పని జరుగుతుంది, మిగతా ముప్పై ఫొటోలు అట్లనే ఉంటాయి. ఓకే నొక్కి, సేవ్ చేయాలి. ఆ తర్వాత వెనక్కి తేవడం కుదరదు కాబట్టి, ఒరిజినల్ ఫైల్ వేరే పేరుతో ఉంచుకోండి.

హోస్ట్: అదే కంప్రెస్ పిక్చర్స్ డబ్బాలో 330, 220, 150, 96 అని అంకెలు ఉంటాయి కదా, వాటి సంగతి?

అన్న: అవి పీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. 96 మెయిల్‌కు, 150 వెబ్‌కు, 220 ప్రింట్‌కు, 330 ఇంకా నాణ్యంగా. హార్డ్ బౌండ్ కాపీ తీయించేవాళ్లు 150, 96 జోలికి పోవద్దు. ఒక లెక్క చెప్తా. ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు. బైండింగ్ కోసం ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం, కుడి ఒకటి తీసేస్తే 5.77 మిగులుతుంది. 220 చొప్పున వేస్తే దాదాపు 1270 పిక్సెళ్లు. అంటే పేజీ నిండా పెట్టే ఫొటో, క్రాప్ అయ్యాక కూడా కనీసం అంత వెడల్పు ఉండాలి. చాలామంది గుంపు ఫొటోలోంచి మూలన ఉన్న చిన్న శిల్పాన్ని క్రాప్ చేసి పేజీ నిండా లాగుతారు. అది మసకబారక ఏం చేస్తుంది?

హోస్ట్: వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు?

అన్న: ఫొటోగా పంపితే తగ్గించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, అంతే.

హోస్ట్: అయితే అసలు వర్డ్‌లో క్రాప్ చేయకుండా, ముందే ఫోన్‌లో కోసేసి పెడితే పోలా?

అన్న: రహస్యం ఏదైనా ఉంటే అదే చేయాలి. అది కూడా అప్‌డేట్ అయిన ఫోన్‌లో. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్ల ఎడిటర్లో, విండోస్ 11 స్నిప్పింగ్ టూల్లో ఒక లోపం బయటపడింది. క్రాప్ చేసి సేవ్ చేసిన స్క్రీన్‌షాట్లోంచి, కోసేసిన భాగాన్ని కొంతవరకు మళ్లీ బయటికి తీయగలిగారు. తర్వాత సరిచేశారు కానీ, ఆలోపు పంపిన ఫొటోలు పంపినవే కదా.

హోస్ట్: నేను హిస్టరీ స్కాలర్‌ను కాబట్టి నా గోల ఒకటి. శాసనాల ఫొటోల్లో పక్కన చిన్న స్కేల్ పెట్టి తీస్తాం. కొలత తెలియాలని. చాలామంది దాన్ని అడ్డమనుకుని క్రాప్ చేసేస్తారు!

అన్న: టైపింగ్ చేసేవాడికి తెలియదు గదా చెల్లె, "ఈ స్కేల్ ఉండాలి" అని మీరే చెప్పాలి. శాసనాలంటే గుర్తొచ్చింది, ఈ సాఫ్ట్ ఎడ్జెస్ అనే ఎఫెక్ట్ ఉంది చూడు, అంచులు మెల్లగా మాయమయ్యేట్టు చేస్తుంది. వేయి స్తంభాల గుడిలో 1163 నాటి శాసనం ఉంది కదా, అట్లాంటి ఫొటోకు దాన్ని పెట్టి తెచ్చాడు ఒక అబ్బాయి. ప్రతి వరుసలో మొదటి అక్షరం, చివరి అక్షరం గాయబ్. ఇగ చదివేదేముంది?

హోస్ట్: ఫొటోలకు ఇట్లాంటి ఎఫెక్టులు వేసే స్టైల్స్ గ్యాలరీ అంతా మీకు నచ్చదన్నమాట.

అన్న: పెళ్లి కార్డుకు పెట్టుకోండి, ఎవరొద్దన్నారు. థీసిస్‌లో నీడలు, అద్దంలో కనబడ్డట్టు రిఫ్లెక్షన్లు ఎందుకు? లేజర్ ప్రింటర్లో ఆ నీడ మరకలాగా పడుతుంది. ఓవల్ షేప్‌లో క్రాప్ చేస్తే వరంగల్ కోటలోని కళాతోరణం మూలలు తెగుతాయి. పనికొచ్చేవి నాకు తెలిసి రెండే. ఒకటి, అర పాయింట్ సన్నని బోర్డర్. తెల్లటి ఆకాశం ఉన్న ఫొటో కాగితంలో కలిసిపోతుంది, ఎక్కడ మొదలైందో తెలియదు, అందుకని గీత ఉండాలి. రెండోది కరెక్షన్స్‌లో వెలుతురు కొంచెం పెంచడం. రామప్ప గుడిలో మదనికల శిల్పాలు నల్లరాయి, నలుపు తెలుపు ప్రింట్‌లో ముద్దగా వస్తాయి. ఇరవై శాతం వెలుతురు పెంచి ఒక పేజీ ప్రింట్ తీసి చూసుకోండి.

హోస్ట్: మదనికలంటే ఇంకొకటి. నాజూకైన శిల్పాన్ని పక్కకు లాగి లావు చేస్తారు.

అన్న: పక్క హ్యాండిల్ పట్టుకుని లాగితే అంతే మరి. మూల పట్టుకోవాలి. అన్ని ఫొటోలు ఒకే కొలతలో రావాలంటే క్రాప్ బటన్ కింద బాణం నొక్కి, ఆస్పెక్ట్ రేషియో ఎంచుకోవాలి. అన్నిటికీ ఒకే నిష్పత్తి, తర్వాత ఒకే వెడల్పు. గుళ్లకు నిలువుది, చెరువులకు అడ్డంది.

హోస్ట్: ఇప్పుడు జరిగే రోగం గురించి. ఫొటో ఒక పేజీలో పెడితే ఇంకో పేజీలో తేలుతుంది.

అన్న: ఫొటో చుట్టూ మాటలు రావాలని ర్యాప్ టెక్స్ట్‌లో స్క్వేర్, టైట్ పెడతారు. అప్పుడు ఫొటో ఒక పేరాకు లంగరు వేసి ఉంటుంది. పైన నాలుగు లైన్లు కలిపితే పేరా జరుగుతుంది, దాంతో ఫొటో కూడా జరుగుతుంది. మీ ఇంట్లో ఉన్న ఫాంటు మా షాపులో లేకపోయినా లైన్లు మారతాయి, మళ్లీ అదే గొడవ. థీసిస్‌కు "ఇన్ లైన్ విత్ టెక్స్ట్" ఒక్కటే పెట్టమంటాను. అప్పుడు ఫొటో ఒక పెద్ద అక్షరంలాగా లైన్లోనే కూర్చుంటుంది.

హోస్ట్: కానీ అన్నా, తెలుగు శాఖ వాళ్లు అట్లా పెడితే ఫొటో సన్నని పీలికలాగా కనబడుతోందట.

అన్న: ఆ, ఇది ముఖ్యం! గౌతమి లాంటి ఫాంట్లలో లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ వస్తుంది. దాన్ని తగ్గించడానికి లైన్ స్పేసింగ్‌లో "ఎగ్జాక్ట్‌లీ" పెట్టి 20 అనో 22 అనో ఇస్తారు. లైన్ ఎత్తు 22 పాయింట్లే ఉండాలని మనమే చెప్పాం కాబట్టి, ఫొటోలో అంత ఎత్తే కనిపిస్తుంది. ఫైల్ చెడిపోయిందని కొత్తగా టైప్ చేయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఏమీ లేదు, ఫొటో ఉన్న లైన్లో కర్సర్ పెట్టి కంట్రోల్ 1 నొక్కాలి. సింగిల్ స్పేసింగ్ అవుతుంది, ఫొటో మొత్తం కనిపిస్తుంది.

హోస్ట్: నలభై ఫొటోలుంటే నలభై సార్లా?

అన్న: అందుకే స్టైల్. స్టైల్ అంటే నీడలు కాదు, పేరా స్టైల్. "చిత్రం" అని ఒకటి చేసుకోండి. సింగిల్ స్పేసింగ్, మధ్యలోకి, మొదటి లైను ఇండెంట్ సున్నా, "కీప్ విత్ నెక్స్ట్" టిక్. ఇండెంట్ మరిచిపోతే ఫొటో అర అంగుళం కుడికి జరిగి ఉంటుంది, ఎందుకో అర్థం కాదు. కీప్ విత్ నెక్స్ట్ వల్ల ఫొటో ఒక పేజీలో, కింద క్యాప్షన్ ఇంకో పేజీలో పడదు. ప్రతి ఫొటో లైనుకు ఆ స్టైల్ ఇస్తే అయిపోయింది, రేపు మార్చాలంటే ఒక్కచోట మారిస్తే చాలు.

హోస్ట్: లిబ్రేఆఫీస్ వాడేవాళ్లకు?

అన్న: అందులో ఇంకా సుఖం. ఎఫ్11 నొక్కితే స్టైల్స్ వస్తాయి, ఫ్రేమ్ స్టైల్స్‌లో "గ్రాఫిక్స్" అని ఉంటుంది. బోర్డర్, చుట్టూ ఖాళీ అక్కడ మారిస్తే, విడిగా మార్చని ఫొటోలన్నీ మారతాయి. వర్డ్‌లో ఫొటోకు అట్లా సొంత స్టైల్ చేసుకునే వీలు లేదు. ఫార్మాట్ పెయింటర్‌తో ఒక్కో బోర్డర్ కాపీ చేసుకోవాల్సిందే.

హోస్ట్: క్యాప్షన్లు చేత్తో టైప్ చేయొచ్చా?

అన్న: చేయొచ్చు, మధ్యలో ఒక ఫొటో కలిపిన రోజు ఏడవొచ్చు. రెఫరెన్సెస్‌లో ఇన్సర్ట్ క్యాప్షన్, న్యూ లేబుల్‌లో "చిత్రం" అని ఇవ్వండి. మధ్యలో ఫొటో కలిస్తే, కంట్రోల్ ఏ నొక్కి ఎఫ్9 కొడితే నంబర్లు సర్దుకుంటాయి. చిత్రాల పట్టిక కూడా దాన్నుంచే వస్తుంది.

హోస్ట్: చివరగా, షాపుకు వచ్చేటప్పుడు ఏం తేవాలి?

అన్న: పెన్‌డ్రైవ్‌లో మూడు. వర్డ్ ఫైల్, ఇంట్లోనే తీసిన పీడీఎఫ్, ఫొటోల ఒరిజినల్స్ ఒక ఫోల్డర్లో. పీడీఎఫ్ ఉంటే మీకెట్లా కనిపించిందో నాకు తెలుస్తుంది. మూడోది ఎవరూ తేరు.

హోస్ట్: విన్నారు కదా, తీసుకెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో పేజీ నంబర్లు: ముందు రోమన్, తర్వాత ఒకటి నుంచి ఎట్లా పెట్టాలో ఇదే అన్నతో. ఉంటాం మరి.