పిల్లల్ని ఆడించడానికి కూడా చదువు కావాలా? మెల్‌బోర్న్‌లో నా ప్లేస్‌మెంట్ కబుర్లు

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? పొద్దున ఆరున్నర అయింది, టార్నిట్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడ్డాను. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, ఫోన్ వణికితే ఏమీ అనుకోకండి. ఈ వీడియో మా అత్తయ్య గారి కోసం. "ఎమ్మెస్సీ బీఈడీ చదివి, పసిపిల్లల్ని ఆడించడానికి మళ్ళీ చదువుతున్నావా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు.

అవునండీ, చదవాలి. ఇక్కడ చైల్డ్‌కేర్‌లో పనిచేయాలంటే కనీసం సర్టిఫికెట్ త్రీ అనే కోర్సు చేసి ఉండాలి, లేదా చదువుతూ ఉండాలి. సిబ్బందిలో సగం మందికి డిప్లొమా కావాలి. టీచర్ పోస్టుకైతే చిన్నపిల్లల చదువులోనే డిగ్రీ అడుగుతారు. నా బీఈడీ హైస్కూలు పిల్లలది కాబట్టి లెక్కలోకి రాలేదు. తెనాలిలో ఎనిమిదేళ్ళు టెన్త్ క్లాసుకి ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, రెండు రోజులు ఏడ్చాను. తర్వాత సర్టిఫికెట్ త్రీలో చేరాను. అందులో 160 గంటలు చైల్డ్‌కేర్ సెంటర్లో నిజం పిల్లలతో పనిచేయాలి, దాన్నే ప్లేస్‌మెంట్ అంటారు. మన మీద పాత కేసులేమైనా ఉన్నాయేమో చూసే ప్రభుత్వ చెక్ ముందే అయిపోవాలి, అది లేకుండా పిల్లల గదిలో అడుగు పెట్టనివ్వరు.

మెల్‌బోర్న్ ఉన్న మా విక్టోరియా రాష్ట్రంలో మూడేళ్ళలోపు పిల్లలు నలుగురికి ఒకరు, ఆపైన పదకొండు మందికి ఒకరు చొప్పున సిబ్బంది ఉండి తీరాలి. ఫీజు మండిపోవడానికి అదో కారణం. మా బాబుకి రోజుకి 150 డాలర్లు. డాలరు 58 రూపాయలనుకుంటే 8,700, ఒక్క రోజుకి! టెంపరరీ వీసా కాబట్టి మాకు సబ్సిడీ కూడా రాదు. మొదటి బిల్లు చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

రైలు వచ్చింది, ఎక్కేశాను. అన్నట్టు, మొదటివారం జరిగింది చెప్పాలి. ఇడ్లీలోకి పల్లీ చట్నీ పెట్టుకెళ్ళాను. డబ్బా మూత తీయకముందే మా సూపర్‌వైజర్ వచ్చి, ఈ సెంటర్లోకి పల్లీలు రాకూడదని మెల్లగా చెప్పింది. పల్లీ పడని బాబు ఒకడున్నాడట, చట్నీ తగిలిన చెయ్యి కూడా వాడికి ప్రమాదమే. ఆ పూట పస్తున్నాను. మనింట్లో పల్లీ లేని రోజుందా? నాకు కోపమే వచ్చింది.

శనివారం ఫస్ట్ ఎయిడ్ క్లాసులో ఆ కోపం పోయింది. అలర్జీ తీవ్రమైతే పిల్లలకి నాలుక వాస్తుంది, గొంతు బిగుసుకుంటుంది, ఊపిరి అందదు. వాళ్ళని నిలబెట్టకూడదు, నడిపించకూడదు, పడుకోబెట్టాలి. ఆయాసంగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టాలి. పెన్నులాంటి ఇంజెక్షన్ ఉంటుంది, దాని నారింజరంగు కొసని తొడ బయటివైపు గట్టిగా నొక్కి మూడు సెకన్లు అలాగే పట్టుకోవాలి. ప్రాక్టీసుకి ఇచ్చింది సూది లేని పెన్నే అయినా నా చెయ్యి వణికింది. కళ్ళముందు ఆ బాబే మెదిలాడు.

మా అమ్మ 27 ఏళ్ళుగా అంగన్‌వాడీ టీచర్. రాత్రి వీడియో కాల్‌లో ఇదంతా చెబితే నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "పుట్టినరోజులకి తల్లులు పల్లీ చిక్కీలు పంచుతారు కదమ్మా, మా పిల్లల్లో ఎవరికైనా ఇట్లా అయితే?" అంది. పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యమన్నాను.

"ఉండు ఉండు, రిజిస్టర్ తెచ్చుకోనీ," అని లేచింది. కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని, "నాలుక వాస్తుంది, తర్వాత?" అంది. నేను చెబుతున్నాను, తను రాసుకుంటోంది.