మైకు పెదవికి తగిలితే జివ్వుమంటోంది: హ్యామ్ మిత్రులతో ఫోన్-ఇన్

ప్రయోక్త: శ్రోతలకు నమస్కారం. హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునే సెట్టు పెట్టుకున్నవాళ్ల ఇంటి వైరింగు గురించి ఇవాళ్టి కార్యక్రమం. ఎన్నో ఏళ్లుగా హ్యామ్‌గా ఉన్న ఎలక్ట్రికల్ ఇంజనీరు గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోను కాకినాడ నుంచి. చెప్పండి.

కాకినాడ శ్రోత: నమస్కారం సార్. ఈమధ్యే లైసెన్సు వచ్చింది. మేడ మీద గదిలో సెట్టు పెట్టుకున్నాను. మాట్లాడుతుంటే మైకు పెదవికి తగిలి జివ్వుమంటోంది. సెట్టు వెనక స్క్రూ ముట్టుకున్నా అంతే. 13.8 వోల్టుల సెట్టే కదా, షాక్ ఎలా కొడుతుంది?

ఇంజనీరు: అది సెట్టుది కాదు బాబూ, దానికి కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌ది, అంటే 230 వోల్టులను 13.8కి దించే పవర్ సప్లై పెట్టెది. గోడ మీద సాకెట్ ఎప్పుడైనా విప్పి చూశావా?

కాకినాడ శ్రోత: మెయిన్ ఆపి నిన్ననే విప్పాను సార్. ఎరుపు, నలుపు, రెండే వైర్లు. పైన పెద్ద కన్నానికి ఏమీ లేదు.

ఇంజనీరు: అదీ సంగతి. మన ఇళ్లలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చది ఎర్త్. నీకు ఆ పచ్చదే లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి, దాని గోల కరెంటు లైన్లోకి పోకుండా. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ 230లో సగం దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కరెంటు మిల్లీఆంపియరు లోపే కాబట్టి జివ్వుమని వదిలేసింది. రేపు లోపల ఇన్సులేషన్ పోతే అదే స్క్రూ మీద మొత్తం 230 ఉంటుంది. ఫ్యూజు కూడా పోదు. కరెంటు నేలలోకి దిగడానికి నువ్వు తప్ప ఇంకో దారి లేదు కదా.

కాకినాడ శ్రోత: మా ఎలక్ట్రీషియన్ న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క ఎర్త్ కన్నానికి కలిపేస్తానన్నాడు సార్.

ఇంజనీరు: వద్దు. నీకు దండం పెడతాను, ఆ పని చెయ్యనివ్వకు. కింద ఎక్కడో న్యూట్రల్ ఊడిందనుకో. ఫేజు ఆ ఎస్‌ఎంపీఎస్ లోపలినుంచి న్యూట్రల్లోకి వచ్చి, ఆ ముక్క మీదుగా బాడీకి ఎక్కేస్తుంది. సెట్టు ఆగిపోతుంది, నువ్వు కరెంటు పోయిందనుకుని చెయ్యి పెడతావు. నాకు భయం అక్కడే. మీటరు దగ్గరి ఎర్తింగ్ గుంత నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల పచ్చ రాగి వైరు పైదాకా లాగించు.

కాకినాడ శ్రోత: యాంటెన్నా కోసం పెరట్లో రాగి కడ్డీ ఒకటి పాతాను. దానికి కలిపితే చాలదా?

ఇంజనీరు: దానొక్కదానికే అయితే చాలదు. ఆ కడ్డీ 25 ఓమ్‌లు ఉందనుకో. 230 వోల్టులకు దాని గుండా 9 ఆంపియర్లే పోతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీకి, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్చుకి, అది మామూలు లోడు, పడనే పడదు. ఇంటి గుంత ఎండిపోయినా ఇదే బాధ, అందుకే కరెంటు కాస్త నేలలోకి లీకైనా పడిపోయే స్విచ్చు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, తప్పనిసరిగా పెట్టించు. కడ్డీని తీసెయ్యక్కర్లేదు, లావుపాటి రాగితో ఇంటి ఎర్త్‌కి కలిపెయ్. విడివిడిగా ఉంటే దగ్గర్లో పిడుగు పడినప్పుడు రెండు ఎర్తుల మధ్య తేడా నీ సెట్టు గుండానే పోతుంది.

ప్రయోక్త: నీలం వైరు గురించి చాలామంది అడుగుతున్నారు సార్.

ఇంజనీరు: మన త్రీఫేజు ఇళ్లలో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. చాలా విదేశీ పరికరాల కార్డులో మాత్రం గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. నీలాన్ని చూసి నమ్మకండి, టెస్టర్ పెట్టండి.

ప్రయోక్త: గుంటూరు నుంచి ఇంకొకరు. చెప్పండమ్మా.

గుంటూరు శ్రోత: నమస్కారమండీ. మా అన్నయ్య అమెరికా నుంచి పాత పవర్ సప్లై తెచ్చాడు. కార్డులో నలుపు, తెలుపు, పచ్చ ఉన్నాయి. మన త్రీపిన్ ప్లగ్గు బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్ నలుపుని న్యూట్రల్‌కి ఇచ్చాడు. పని చేస్తోంది, కానీ అనుమానంగా ఉంది.

ఇంజనీరు: అనుమానం నిజమేనమ్మా. అమెరికాలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. దాని స్విచ్చూ ఫ్యూజూ నలుపు వైరు మీదే ఉంటాయి. మీరు స్విచ్ ఆపినా లోపల ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఫేజు బతికే ఉంటుంది. వెనక వోల్టేజి 240కి మార్చారా?

గుంటూరు శ్రోత: అన్నయ్య మార్చాడండీ.

ఇంజనీరు: ఫ్యూజు కూడా మార్చాలి. 120కి వేసినదానిలో సగం చాలు, మాన్యువల్లో రాసి ఉంటుంది. దగ్గర్లో టెస్టర్ ఉందా? సాకెట్‌కి ఎదురుగా నిలబడండి. పెద్ద కన్నం పైన ఉండాలి. కుడి కన్నంలో పెట్టి చూడండి.

గుంటూరు శ్రోత: ఒక్క నిమిషం... కుడిదాంట్లో వెలగట్లేదండీ. ఎడమదాంట్లో వెలుగుతోంది.

ఇంజనీరు: ఎడమన న్యూట్రల్ ఉండాలమ్మా. సాకెట్ కూడా తిరగబడింది. రెండు తప్పులు కలిసి ఇప్పుడు నలుపుకి ఫేజే అందుతోంది, మీ అదృష్టం. కానీ ఆ ప్లగ్గు వేరే గదిలో పెట్టినా, ఎవరైనా సాకెట్ ఒక్కటే సరిచేసినా మళ్లీ మొదటికే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి రెండూ ఒకే పూట విప్పించండి. అప్పటిదాకా ప్లగ్గు తీసి ఉంచండి.

గుంటూరు శ్రోత: తీసేశానండీ.