ఎర్రర్ వచ్చినప్పుడు ముందు చూడాల్సింది: వద్దన్నది ఎవరు?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో పాలిటెక్నిక్, డిగ్రీ పిల్లలు ఉన్నారు. ఒంగోలు, చీమకుర్తి, కావలి వైపు ఆఫీసుల్లో సిస్టమ్స్ చూసుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా వచ్చారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం.

మన రైసు మిల్లుల్లో, గ్రానైట్ యార్డుల్లో, రొయ్యల హ్యాచరీల్లో సర్వర్ ఎక్కడుంటుందో మీకు తెలుసు. గుమాస్తా బల్ల కింద, యూపీఎస్ పక్కన. ఎప్పుడో ఎవరో సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి వెళ్లారు. ఆగకుండా నడుస్తోంది కాబట్టి ఎవరూ ముట్టుకోరు. దానికి 2024 జూన్ 30తో సపోర్టు అయిపోయింది. ఆ సంగతి ఆఫీసులో బయటపడేది మాత్రం కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేయడానికి కూర్చున్న రోజునే.

ఆ రోజు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాటా మీద లారీ ఉంటుంది, వెనకాల ఓనరు నిలబడి "ఇంకా ఎంతసేపయ్యా" అంటుంటాడు. ఆ టెన్షన్‌లో కుర్రాడు ఎర్రర్‌లో చివరి లైను కాపీ చేసి నెట్‌లో వెతికి, మొదట కనపడిన కమాండ్ కొట్టేస్తాడు. నేను బతిమాలుకునేది అక్కడే. కమాండ్ కొట్టేముందు ఆ మెసేజ్‌ను పైనుంచి చదివి, వద్దన్నది ఎవరో తేల్చుకోండి. ఇన్‌స్టాలరా, ప్యాకేజీలు ఇచ్చే రిపాజిటరీనా, ప్రోగ్రాములు వాడుకునే లోపలి లైబ్రరీనా, ప్రాసెసరా? ఒక్కోదానికి మందు వేరు.

"అన్‌సపోర్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్" అని మొదట్లోనే ఆగిపోతే, అన్నది చాలావరకు ఇన్‌స్టాలరే. ఈటీసీ ఫోల్డర్‌లో ఓఎస్-రిలీజ్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఇన్‌స్టాలర్ అందులో పేరు చూసి, తన జాబితాలో లేకపోతే ఆపేస్తుంది. ప్రోగ్రామ్ నడుస్తుందా లేదా అన్నది అది పరీక్షించలేదు. రెడ్‌హ్యాట్ 8 కోసం చేసిన సాఫ్ట్‌వేర్, దానికి అనుకూలంగా తయారైన ఆల్మాలైనక్స్ 8 మీద ఇలా ఆగితే, నడిచే అవకాశం బాగానే ఉంది. ఆ చెకింగ్ దాటించే ఆప్షన్ ఉందేమో, ఇన్‌స్టాలర్ లేకుండా విడిగా టార్ ఫైలు (ఫైళ్ల మూట) ఇస్తున్నారేమో చూడండి. ఓఎస్-రిలీజ్‌లో పేరు మార్చి మోసం చేయొద్దు. రేపు ఇంకో టూల్ ఆ తప్పు పేరునే నమ్మి, వేరే సిస్టమ్ ప్యాకేజీలు తెచ్చి పెడుతుంది.

"మిర్రర్‌లిస్ట్ డాట్ సెంట్‌ఓఎస్ డాట్ ఆర్గ్ దొరకలేదు" అని వస్తే అందరూ ముందు రూటర్ ఆపి ఆన్ చేస్తారు, తర్వాత నెట్ వాళ్లకు ఫోన్ చేస్తారు. నెట్ బాగానే ఉంది. సపోర్టు అయిపోయాక ఆ అడ్రస్‌నే తీసేశారు. పాత ప్యాకేజీలన్నీ వాల్ట్ డాట్ సెంట్‌ఓఎస్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. ప్యాకేజీల అడ్రస్‌లు రాసి ఉండే రిపో ఫైళ్లలో మిర్రర్‌లిస్ట్ లైన్లు ఆపి, బేస్ యూఆర్ఎల్‌ను అక్కడికి తిప్పితే ప్యాకేజీలు తెచ్చే యమ్ కమాండ్ మళ్లీ పనిచేస్తుంది. అయితే అక్కడికి కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు, ఇది ఓనరుకు ఆ రోజే చెప్పండి.

సర్టిఫికెట్ ఎర్రర్ అయితే ముందు డేట్ కమాండ్ కొట్టండి. బోర్డు మీద బ్యాటరీ అయిపోయిన పాత మెషీన్, కరెంటు పోయి వచ్చాక ఏదో పాత సంవత్సరంలోకి వెళ్లిపోతుంది. గడియారం సరిగ్గానే ఉంటే రూట్ సర్టిఫికెట్లు, అంటే మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి మూలంగా సిస్టమ్‌లో ఉండేవి, చూడండి. వెబ్‌సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల సర్టిఫికెట్లకు ఆధారంగా ఉన్న ఒక పాత రూట్‌కు 2021 సెప్టెంబర్ 30న గడువు తీరిపోయింది. సర్టిఫికెట్లు అప్‌డేట్ చేయని పాత సిస్టమ్స్ చాలావాటికి అప్పటినుంచి ఈ తిప్పలే.

ఇప్పుడు అసలైన చోటుకొద్దాం. జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ 18 వేశారు, నడపబోతే "జీలిబ్‌సీ 2.28 నాట్ ఫౌండ్" అంది. ఈ ఒక్క లైనులో కావాల్సిన సమాచారమంతా ఉంది. జీలిబ్‌సీ అంటే సిస్టమ్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే సీ లైబ్రరీ. "ఎల్‌డీడీ డాష్ డాష్ వెర్షన్" కొడితే మీ దగ్గర ఎంతుందో చెబుతుంది. సెంట్‌ఓఎస్ 7లో 2.17 ఉంటుంది. కొత్తది లేకుండా ఈ నోడ్ కదలదు.

ఇక్కడ కొందరు వేరే మెషీన్ నుంచి కొత్త జీలిబ్‌సీ ఫైలు తెచ్చి పాతదాని మీద పెట్టేస్తారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. ఆ మరుక్షణం ఎల్ఎస్ కొట్టినా ఎర్రరే, సీపీ కొట్టినా ఎర్రరే. పాత ఫైలు తిరిగి పెడదామంటే, పెట్టాల్సిన కమాండే నడవదు. బయటినుంచి లాగిన్ కూడా కుదరదు. ఇంటి పునాది రాయి లాగి కొత్తది దూర్చినట్టే అది. బిల్లులు, కూలీల లెక్కలు, బకాయిలు అన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయని గుర్తుంచుకోండి. ప్యాకేజీ వేసే కమాండ్‌కు "నోడెప్స్", "ఫోర్స్" అని తగిలించి బలవంతంగా ఎక్కించడమూ అంతే, లేని లైబ్రరీ దానివల్ల పుట్టదు.

మరి దారేంటి? నోడ్ 16 జీలిబ్‌సీ 2.17 మీద నడుస్తుంది. కానీ దానికీ 2023 సెప్టెంబర్‌లో సపోర్టు అయిపోయింది, కాబట్టి అది నాలుగు రోజుల సర్దుబాటే. డాకర్ కంటైనర్, అంటే ప్రోగ్రామ్‌ను విడిగా మూటకట్టి నడిపే పెట్టె, తన లైబ్రరీలు తనే తెచ్చుకుంటుంది కాబట్టి చాలాసార్లు పని జరుగుతుంది. సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ మాత్రం మీ పాత 3.10నే వాడుకుంటుంది. నా మాటడిగితే, బ్యాకప్ తీసి, దాన్ని ఇంకో మెషీన్‌లో రీస్టోర్ చేసి చూసుకుని, ఆల్మాలైనక్స్ లేదా రాకీ లైనక్స్ తాజాగా వేయండి. ఆల్మాలైనక్స్ 8కి 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి. కోతల టైములో మాత్రం వద్దు, మిల్లు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు అడిగి పెట్టుకోండి.

ప్రాసెసర్ సంగతి కూడా చెప్పేస్తాను. మాంగోడీబీ 5 అనే డేటాబేస్ వేస్తే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని పడిపోతోందా? ఏవీఎక్స్ అనే ఇన్‌స్ట్రక్షన్లు లేని పాత సెలెరాన్, పెంటియమ్ ప్రాసెసర్ అయి ఉంటుంది. కంటైనర్ పెట్టినా, ఓఎస్ మార్చినా లాభం లేదు. మాంగోడీబీ 4.4తో సరిపెట్టుకోవాలి, లేదా మెషీన్ మార్చాలి.

పక్క ల్యాబ్‌లో సెంట్‌ఓఎస్ 7 వర్చువల్ మెషీన్లు సిద్ధంగా ఉన్నాయి. పాడైనా ఇప్పటి స్థితికి తిరిగి వచ్చేలా స్నాప్‌షాట్ తీసే ఉంచాం, భయం లేదు. వెళ్లి నోడ్ 18 వేయండి, వచ్చిన మెసేజ్ మొత్తం పేపరు మీద రాసుకోండి, వద్దన్నది ఎవరో దాని పక్కనే రాయండి. ఆ పేపర్లు తీసుకుని నా దగ్గరికి రండి, ఒక్కొక్కటీ కలిసి చూద్దాం.