పేస్లిప్పులో మొదలైన కోపం: కెన్యా యువత, పాలకుల మీద పోయిన నమ్మకం

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఆఫ్రికా రాజకీయాల గురించి మన పత్రికల్లో వార్త వచ్చిందంటే అది సైనిక కుట్ర గురించో కరువు గురించో అయి ఉంటుంది. అక్కడి పౌరులు తమ నాయకుల మీద ఎందుకు అంతగా విసిగిపోయారో వివరించే కథనం అరుదు. యాభైకి పైగా దేశాలను ఒకే గాటన కట్టి మాట్లాడటం సబబు కాదు కనుక ఈ వారం మన సంభాషణను కెన్యాకే పరిమితం చేసుకుందాం. నైరోబీలో చాలాకాలం ఒక సంస్థలో జీతాల లెక్కలు చూసి, ఈమధ్యనే విజయవాడకు తిరిగివచ్చిన ఒక అకౌంటెంటు గారు ఈరోజు మన అతిథి. అక్కడి సహోద్యోగులకు ఇబ్బంది కలగకూడదని తన పేరు చెప్పవద్దన్నారు. మేడమ్, 2024 జూన్ 25న నైరోబీలో వేలమంది యువతీయువకులు పార్లమెంటులోకి చొరబడిన దృశ్యాలను ప్రపంచమంతా చూసింది. ఒక్క పన్నుల బిల్లు కోసమే అంత ఆగ్రహమా?

అతిథి: బిల్లు మీద ఆగ్రహం నిజమే కానీ అది ఆ బిల్లుతో పుట్టినది కాదండీ. నేను జీతాల లెక్కలు చూసేదాన్ని కాబట్టి నాకు అది ముందుగా పేస్లిప్పులోనే కనిపించింది. 2023 ఫైనాన్స్ చట్టంతో ప్రతి ఉద్యోగి స్థూల వేతనంలోంచి ఒకటిన్నర శాతం గృహనిర్మాణ సుంకం పేరిట కోత మొదలైంది. యజమాని కూడా అంతే మొత్తం జమ చేయాలి. నవంబరులో హైకోర్టు అది చెల్లదన్నది. జనవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పు మీద స్టే ఇవ్వడానికి నిరాకరించడంతో కోత ఆగింది. మార్చిలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది, కోత మళ్లీ మొదలైంది. నెల నెలా పేస్లిప్పులో ఆ గడి కనిపించడం, మాయమవడం, తిరిగి కనిపించడం చూసి మా ఆఫీసులో కుర్రవాళ్లు నా బల్ల దగ్గరకు వచ్చి, "కట్టబోయే ఇల్లు మాకు వస్తుందో రాదో తెలియదు, ఈ డబ్బు ఎవరి చేతికి వెళుతోంది?" అని అడిగేవారు. నా దగ్గర సమాధానం ఉండేది కాదు. దానికి తోడు పెట్రోలు మీద వ్యాట్ 8 శాతం నుంచి 16 శాతానికి పెరిగింది, పింఛను నిధి చందా పెరిగింది, తరువాత 2024 అక్టోబరు నుంచి ఆరోగ్య బీమాకు స్థూల వేతనంలో 2.75 శాతం వసూలు చేయడం మొదలుపెట్టారు. లక్ష షిల్లింగుల జీతగాడు పాత పద్ధతిలో ఆరోగ్యానికి 1,700 కట్టేవాడు, కొత్త పద్ధతిలో 2,750 కట్టాలి.

వ్యాఖ్యాత: ఈ ప్రభుత్వాన్ని పేదల ప్రభుత్వమని చెప్పుకొనే కదా ఎన్నుకున్నారు?

అతిథి: దెబ్బ తగిలింది అక్కడే. 2022 అధ్యక్ష ఎన్నికల్లో విలియం రూటో తాను రోడ్డు పక్కన కోళ్లమ్మి పైకి వచ్చిన మనిషినని చెప్పుకొన్నారు. పెద్ద రాజకీయ కుటుంబాలకూ, రోజుకూలీ కష్టజీవులకూ మధ్య పోటీగా ఆ ఎన్నికను మలిచారు. ఆయన పార్టీ గుర్తు ఒంటిచక్రపు తోపుడుబండి. కూరగాయలమ్మే తల్లులూ బోడాబోడా మోటారుసైకిలు నడిపే కుర్రాళ్లూ ఆయన ప్రసంగాలకు కథానాయకులు. ప్రత్యర్థి రైలా ఒడింగాకు 48.85 శాతం ఓట్లు రాగా ఆయన 50.49 శాతంతో గట్టెక్కారు. అంత స్వల్ప తేడాతో గెలిచిన మనిషి రెండేళ్లు తిరగకుండానే రొట్టె మీద 16 శాతం వ్యాట్, వంటనూనె మీద 25 శాతం ఎక్సైజు సుంకం, వాహనం విలువలో రెండున్నర శాతం ఏటేటా పన్ను, ఫోనులో డబ్బు పంపుకొనే రుసుము మీద అదనపు సుంకం ప్రతిపాదిస్తే జనం ఏమనుకుంటారు? సువార్తలో చెట్టెక్కిన పన్నుల అధికారి జక్కయ్య కథ ఉంది కదా, కెన్యా యువత ఆయనకు ఆ పేరే పెట్టి "జకాయో, షుకా" అంటూ చెట్టు దిగమన్నారు. ఇళ్లలో బైబిలు చదివే దేశం కాబట్టి ఆ ఎగతాళి ఒక్కరోజులో ఊరూరా పాకింది.

వ్యాఖ్యాత: ప్రభుత్వం వైపు నుంచి కూడా ఒకసారి చూద్దాం. అప్పులు తీర్చాలంటే డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా?

అతిథి: తప్పకుండా రావాలి, ఈ విషయంలో నేను ప్రభుత్వాన్ని పూర్తిగా తప్పుపట్టను. 2024 మధ్యనాటికి కెన్యా ప్రభుత్వ రుణం 10 లక్షల కోట్ల షిల్లింగులు దాటింది. 2014లో యూరోబాండు పేరిట విదేశీ మదుపరుల దగ్గర తీసుకున్న 200 కోట్ల డాలర్ల అప్పు ఆ జూన్‌లోనే తీర్చవలసి ఉండగా, దానికోసం ఫిబ్రవరిలో దాదాపు 10 శాతం వడ్డీకి మరో 150 కోట్ల డాలర్లు తెచ్చారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులు ఒకవైపు, జనం మరోవైపు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ బిల్లు ద్వారా 34,600 కోట్ల షిల్లింగులు రాబట్టాలన్నది లక్ష్యం. అయితే జనాన్ని పొదుపు చేయమన్నవారు తాము పొదుపు చేశారా అన్నదే ప్రశ్న. అదే ఏడాది మే నెలలో అధ్యక్షుడు విలాసవంతమైన అద్దె విమానంలో అమెరికా వెళ్లడం మీద పెద్ద దుమారం రేగింది. ఆ పర్యటనకు కొద్దిరోజుల ముందు వరకు ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లు 56 రోజులు సమ్మెలో ఉన్నారు. ఇంటర్న్ డాక్టర్లకు ఒప్పుకున్న జీతం ఇవ్వడానికి డబ్బు లేదన్నది ఈ ప్రభుత్వమే. పన్ను కట్టడానికి కెన్యా మధ్యతరగతి ఎదురు తిరిగిందని చాలామంది రాశారు, నేను ఒప్పుకోను. కట్టిన పన్ను ఆసుపత్రిలోనో బడిలోనో తిరిగి కనిపించకపోవడమే వారి ఫిర్యాదు.

వ్యాఖ్యాత: ఈ ఉద్యమానికి నాయకుడు లేడు, పార్టీ లేదు, తెగ లేదు అని వాళ్లే చెప్పుకొన్నారు. అలా ఎలా నడిచింది?

అతిథి: తెగ లేదన్న మాట బరువు అర్థం కావాలంటే 2007 ఎన్నికల తరువాతి రోజులు గుర్తుచేసుకోవాలి. అప్పుడు తెగల వారీగా జరిగిన హింసలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ తరువాత ప్రతి ఎన్నికా కికూయూలు ఎటు, లువోలు ఎటు, కలెంజిన్లు ఎటు అన్న లెక్కతోనే సాగింది. అటువంటి చోట ఇరవై ఏళ్ల పిల్లలు నువ్వెవరివి అని అడగకుండా ఒకరి చేయి ఒకరు పట్టుకొని నిలబడటం చిన్న సంగతి కాదు. ఇక నడిచిన తీరు గురించి చెప్పాలంటే, వాళ్లు బిల్లును చదివారు. అది వట్టి మాట కాదు. క్లాజు తరువాత క్లాజు విడమరచి స్థానిక భాషల్లో వీడియోలు చేశారు, బిల్లు గురించి ఏ ప్రశ్న అడిగినా జవాబిచ్చే చాట్‌బాట్‌ను ఒక కుర్రవాడు తయారుచేశాడు, ఎంపీల ఫోను నంబర్లు బయటపెడితే నియోజకవర్గాల జనం సందేశాలతో వాళ్ల ఫోన్లను ముంచెత్తారు. గాయపడినవారి ఆసుపత్రి ఖర్చులకు ఫోనులో డబ్బు పంపే ఎం-పెసా ద్వారా చందాలు పోగుచేశారు. ఏ మొబైల్ చెల్లింపుల మీద అదనపు సుంకం వేయబోయారో ఆ చెల్లింపుల ద్వారానే ఉద్యమానికి డబ్బు వచ్చింది. 2010 రాజ్యాంగంలోని 37వ అధికరణం శాంతియుతంగా గుమికూడే హక్కు ఇచ్చిందని ప్లకార్డుల మీద రాసుకొని వచ్చిన తరం అది. పాత తరం ఎంపీలకు ఆ అధికరణం గుర్తుందో లేదో నాకు అనుమానమే.

వ్యాఖ్యాత: జూన్ 25న ఏం జరిగింది?

అతిథి: అప్పటికే జూన్ 18న జరిగిన మొదటి నిరసనతో ప్రభుత్వం రొట్టె, వంటనూనె, వాహనాల మీది ప్రతిపాదనలను వెనక్కి తీసుకుంది. కానీ యువత మొత్తం బిల్లే వద్దన్నది. 25న మధ్యాహ్నం 195 మంది అనుకూలంగా, 106 మంది వ్యతిరేకంగా ఓటువేసి బిల్లు ఆమోదించారు. ఆ వార్త వీధిలోకి వచ్చిన కాసేపటికే జనం కంచె దాటి లోపలికి వెళ్లారు, భవనంలో కొంతభాగం తగలబడింది, పోలీసులు అసలు తూటాలతో కాల్చారు. మీకొక విచిత్రం చెప్పనా? సరిగ్గా అదేరోజు కెన్యా పోలీసుల మొదటి దళం శాంతిభద్రతలు కాపాడటానికని హైతీలో దిగింది. ఆ రాత్రి అధ్యక్షుడు జరిగినదాన్ని దేశద్రోహమన్నారు. మరునాడు బిల్లు మీద సంతకం చేయనని ప్రకటించారు. కానీ ఆ రెండు నెలల్లో 60 మంది ప్రాణాలు పోయాయని జాతీయ మానవహక్కుల కమిషన్ లెక్కతేల్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయింది.

వ్యాఖ్యాత: బిల్లు పోయింది, మంత్రివర్గాన్నీ రద్దుచేశారు. అంటే ఉద్యమం గెలిచినట్టే కదా?

అతిథి: గెలుపన్న మాటకు నేను ఒప్పుకోను. జూలై 11న ఒకరిద్దరిని మినహాయించి మంత్రులందరినీ పంపించివేశారు, నిజమే. కొద్దిరోజులకే ఆ ఖాళీల్లోకి ప్రతిపక్ష పార్టీ వాళ్లు వచ్చారు. ఆర్థికశాఖే ప్రతిపక్షానికి చెందిన జాన్ ఎంబాడీకి దక్కింది. పాతవారిలో కొందరు మళ్లీ అదే బల్లల ముందు కూర్చున్నారు. 2024 డిసెంబరుకల్లా వద్దన్న పన్నుల్లో కొన్ని వేరే చట్టసవరణ రూపంలో తిరిగివచ్చాయి. పౌరుల విసుగుకు అసలు మూలం ఇదేనని నా అభిప్రాయం. కెన్యాలో అధికారపక్షం మీద కోపం వస్తే ఓటు వేయడానికి ప్రతిపక్షం ఉండాలి కదా. కానీ ప్రతి సంక్షోభం తరువాతా ప్రతిపక్షాన్ని ప్రభుత్వంలో కలిపేసుకోవడం అక్కడ అలవాటైపోయింది. 2018లో అప్పటి అధ్యక్షుడు ఉహూరు కెన్యట్టాతో రైలా ఒడింగా చేతులు కలిపారు, 2025 మార్చిలో రూటోతో ఒప్పందం మీద సంతకం చేశారు. అందుకే యువత నినాదాల్లో అధ్యక్షుడితో పాటు ఎంపీలనూ, రెండు పక్షాల పెద్దలనూ కలిపి తిట్టడం వినిపిస్తుంది.

వ్యాఖ్యాత: ఒడింగా మన కేరళలోనే కన్నుమూశారు కదా.

అతిథి: అవునండీ, 2025 అక్టోబరు 15న కూత్తాట్టుకుళంలో, ఆయుర్వేద చికిత్సకు వచ్చి. ఆయన పట్ల నాకు గౌరవం ఉంది; బహుళపార్టీ వ్యవస్థ కోసం ఏళ్ల తరబడి జైల్లో మగ్గిన మనిషి. కడచూపు కోసం నైరోబీలో వచ్చిన జనసముద్రం ఆ కృతజ్ఞతతో వచ్చినదే. అయినా నాయకులు వైద్యానికి విదేశాలకు వెళతారు, మాకేమో జిల్లా ఆసుపత్రిలో మందు ఉండదన్న మాట అక్కడ చాలా ఏళ్లుగా మామూలు మనుషుల నోట వింటూనే ఉన్నాను. మన హైదరాబాదు కార్పొరేటు ఆసుపత్రుల్లోనూ ఆఫ్రికా రోగులు కనిపిస్తూనే ఉంటారు కదా.

వ్యాఖ్యాత: మన దేశంతో ముడిపడిన మరో విషయం అదానీ ఒప్పందం.

అతిథి: నైరోబీ విమానాశ్రయాన్ని 30 ఏళ్ల లీజుకు ఇచ్చే ప్రతిపాదన పార్లమెంటులో చర్చకు రాకముందే, ఫ్రాన్సులో చదువుకుంటున్న ఒక కెన్యా విద్యార్థి ఆ కాగితాలను 2024 జూలైలో సామాజిక మాధ్యమాల్లో పెట్టేశాడు. సెప్టెంబరులో విమానాశ్రయ ఉద్యోగులు సమ్మె చేశారు, హైకోర్టు తాత్కాలికంగా ఆపింది. నవంబరులో అమెరికాలో అదానీ మీద అభియోగాలు నమోదైన మరునాడే రూటో పార్లమెంటులో ఆ ఒప్పందాన్నీ, విద్యుత్ లైన్ల ఒప్పందాన్నీ రద్దుచేస్తున్నట్టు ప్రకటిస్తే ఎంపీలు లేచి చప్పట్లు కొట్టారు. అదే అభియోగపత్రంలో మన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ కొనుగోళ్ల ప్రస్తావన ఉందని, ఆ ఆరోపణలను అదానీ గ్రూపు ఖండించిందని మన శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. నన్ను ఆశ్చర్యపరిచినది ఎంపీల చప్పట్లు. అన్ని నెలలు కిక్కురుమనని వాళ్లకు అంత ఉత్సాహం ఎక్కడినుంచి వచ్చిందో!

వ్యాఖ్యాత: 2025లో పరిస్థితి మరింత విషమించింది.

అతిథి: అంతకుముందే మొదలైందండీ. 2024 చివరికి 80 మందికి పైగా అపహరణకు గురయ్యారని మానవహక్కుల కమిషన్ చెప్పింది. వారిలో చాలామంది చేసిన నేరం ఎక్స్‌లో పోస్టులు పెట్టడం, కార్టూన్లు గీయడం. 2025 జూన్‌లో ఒక యువ ఉపాధ్యాయుడు పోలీసు ఉన్నతాధికారి మీద పోస్టు పెట్టాడన్న కారణంతో అరెస్టయి నైరోబీ లాకప్పులో చనిపోయాడు. గోడకు తల కొట్టుకున్నాడని పోలీసులు మొదట చెప్పారు, శవపరీక్ష చేసిన వైద్యులు అది కుదరదన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. జూలై 7న, అంటే 1990లో అప్పటి అధ్యక్షుడు మోయ్ ఏకపార్టీ పాలనను ఎదిరించిన సబా సబా నిరసనల వార్షికోత్సవం నాడు, ఒక్కరోజే 30 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత అధ్యక్షుడే దుకాణాలు తగలబెట్టేవారిని కాళ్ల మీద కాల్చమని పోలీసులకు బహిరంగంగా చెప్పారు. మా ఆఫీసులో ఉద్యమానికి ఏమాత్రం సంబంధం లేని మధ్యవయస్కులు కూడా ఆరోజు నుంచి మాట మార్చారు.

వ్యాఖ్యాత: 2027 ఆగస్టులో ఎన్నికలు. ఈ కోపం ఓటుగా మారుతుందా?

అతిథి: నాయకుడు లేకపోవడం వీధిలో బలమే, ఎందుకంటే ఎవరినీ కొనలేరు. బ్యాలెట్ పత్రం మీద మాత్రం ఎవరిదో ఒక పేరు ఉండాలి. 2022లో యువతలో చాలామంది అసలు ఓటరుగా నమోదే చేసుకోలేదు. 2023 జనవరి నుంచి 2025 జూలై దాకా ఎన్నికల సంఘానికి కమిషనర్లే లేరు, కొత్త సంఘం సెప్టెంబరు చివరలో నమోదు మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కసారే అధికారం అన్న అర్థంలో "వాన్‌టామ్" అనే నినాదం ఇప్పుడు మటాటూ బస్సుల వెనకాలా, పెళ్లి విందుల్లోనూ వినిపిస్తోంది. నినాదం ఉంది, అభ్యర్థి లేడు. 2024లో అభిశంసనకు గురై పదవి పోయిన మాజీ ఉపాధ్యక్షుడు గచాగువా తానే ప్రత్యామ్నాయమంటున్నారు. ఆ పన్నుల బిల్లు తెచ్చిన ప్రభుత్వంలో రెండో స్థానంలో ఉన్నది ఆయనేనని ఆ పిల్లలు మరచిపోతారని నేను అనుకోను. నా పాత సహోద్యోగుల్లో ఒక అమ్మాయి పోయిన నెల ఫోను చేసి, తమ వార్డులో కౌంటీ అసెంబ్లీకి స్వతంత్రంగా నిలబడాలనుకుంటున్నానని, ప్రచార ఖర్చు లెక్కలు ఎలా రాసుకోవాలో చెప్పమని అడిగింది. అధ్యక్ష పదవి గురించి నేను జోస్యం చెప్పలేను కానీ, వార్డు స్థాయిలో అటువంటివాళ్లు ఎందరు నామినేషను వేస్తారన్నదే నేను 2027లో ముందుగా చూడబోయే అంకె.

వ్యాఖ్యాత: ఇంత వివరంగా మాట్లాడినందుకు ధన్యవాదాలు మేడమ్. నామినేషన్ల గడువు ముగిశాక మిమ్మల్ని మళ్లీ ఆహ్వానిస్తాం.

అతిథి: తప్పకుండా వస్తానండీ. అప్పటికి ఆ అమ్మాయి లెక్కల పుస్తకం కూడా నా దగ్గర ఉంటుంది.