రెండు నెట్ కనెక్షన్లున్నా బ్రాంచ్ ఎందుకు ఆగిపోతోంది?

"మాకు రెండు కనెక్షన్లున్నాయండీ, టెన్షన్ లేదు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గాజువాకలో ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే విన్నాను. రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్, నెలనెలా రెండు బిల్లులు. ఒక రోజు లారీ వీధి చివర స్తంభాన్ని గుద్దింది. రెండు నెట్‌లూ ఒకేసారి పోయాయి. వెళ్లి చూస్తే రెండు కేబుళ్లూ ఆ ఒక్క స్తంభానికే, పైగా ఒకే తాడుతో కట్టి ఉన్నాయి.

మన వైజాగ్ లెక్కలో చెప్తాను. గాజువాక బ్రాంచ్ నుంచి జగదాంబలో ఉన్న హెడ్ ఆఫీసుకి వెళ్లాలి. దేనికైనా మంచిదని బస్సు టికెట్ కొన్నారు, ఆటో కూడా మాట్లాడుకున్నారు. రెండూ ఎన్ఏడీ జంక్షన్ మీదుగానే పోతాయి. ఎన్ఏడీ దగ్గర జామ్ అయితే బస్సెక్కినా ఆటో ఎక్కినా ఒకటే కదా? (ఫ్లైఓవర్ వచ్చింది, ఇప్పుడంత జామ్ ఎక్కడుందని కామెంట్ పెట్టకండి. పోలిక కోసం ఒప్పుకోండి.) బండ్లు ఎన్నుంటే ఏం లాభం, రెండో దారి కావాలి. మల్కాపురం, సింధియా మీదుగా కాన్వెంట్ జంక్షన్‌కి వచ్చే దారి లాంటిది.

అందుకే రెండో కనెక్షన్ తీసుకునేటప్పుడు స్పీడ్ ఎంత అని తర్వాత అడగండి. ముందు మీ కేబుల్ ఏ వీధిలోంచి వస్తుంది, ఏ స్తంభాల మీద వస్తుంది అని అడగండి. సేల్స్ కుర్రాడికి తెలియదు. కేబుల్ లాగే మనిషికి తెలుసు. ఒక టీ ఇప్పిస్తే అట్ట ముక్క మీద గీసి మరీ చూపిస్తాడు. రెండూ ఒకే దారిలో వస్తున్నాయని తేలితే రెండోదానికి ఫైబర్ వద్దు, సిమ్ వేసే రౌటర్ పెట్టండి, లేదా డాబా మీద రేడియో లింక్ (యాంటెన్నాతో వైరు లేకుండా వచ్చే నెట్) పెట్టండి.

అయినా దీనికీ ఒక హద్దుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కరెంటు, కేబుళ్లు, సెల్ టవర్లు అన్నీ కలిసే పడ్డాయి. అలాంటి రోజున ఎన్ఏడీ లేదు, సింధియా లేదు. హెడ్ ఆఫీసుకి లైన్ అందకపోయినా బ్రాంచ్‌లోనే బిల్లు కొట్టి, లైన్ వచ్చాక పంపించే సాఫ్ట్‌వేర్ ఉంటేనే పని నడుస్తుంది. దీనికి డబ్బు పెట్టమంటే మాత్రం ఎవరూ పెట్టరు.

సరే, రెండు దారులూ ఉన్నాయి. జామ్ అయిందని డ్రైవర్‌కి ఎలా తెలుస్తుంది? చాలా రౌటర్లు పక్కనున్న మోడెమ్ బతికే ఉందా అని మాత్రమే చూస్తాయి. గాజువాక జంక్షన్‌లో నిలబడి, రోడ్డు ఖాళీగా ఉంది బయల్దేరుదాం అన్నట్టు. జామ్ ఉన్నది ఎన్ఏడీలో! పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, డేటా మాత్రం పోదు. రౌటర్ పింగ్ చేయాల్సింది, అంటే చిన్న పలకరింపు పంపి జవాబు కోసం చూడాల్సింది, వీపీఎన్ టన్నెల్ (బ్రాంచ్‌కీ హెడ్ ఆఫీసుకీ మధ్య ఇంటర్నెట్ మీదుగా వేసుకున్న ప్రైవేటు దారి) లోపలి నుంచి, హెడ్ ఆఫీసులో ఉన్న సర్వర్‌ని. ఉదాహరణకి ఐదు సెకన్లకోసారి చేసి, వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే దారి మార్చమనండి. వెనక్కి రావడానికి మాత్రం తొందర వద్దు. ఎన్ఏడీలో ఒక బైకు కదిలిందని బస్సు వెనక్కి తిప్పితే మళ్లీ ఇరుక్కుంటుంది. మొదటి లైను ఒక ఐదు నిమిషాలు నిలకడగా ఉన్నాకే దాని మీదికి రానివ్వండి.

ఇప్పుడు అందరినీ ఏడిపించే జబ్బు: పింగ్ వెళ్తుంది, పెద్ద ఫైలు మాత్రం మధ్యలో నిలిచిపోతుంది. డేటా ప్యాకెట్లుగా, అంటే చిన్న చిన్న మూటలుగా వెళ్తుంది, మామూలు ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉంటుంది. వీపీఎన్ దాని మీద ఇంకో పొర చుడుతుంది. లోడు మీద టార్పాలిన్ కట్టి ఎత్తు పెరిగిన లారీ, దారిలో అడ్డకమ్మీ కిందికి వచ్చి ఆగిపోయినట్టు. పింగ్ అంటే బైకు, అది దూరిపోతుంది. టన్నెల్ మీద టీసీపీ ఎంఎస్ఎస్‌ని, అంటే ఒక్కో ప్యాకెట్‌లో పెట్టే సరుకు పరిమితిని, 1350 బైట్ల దగ్గరికి తగ్గించి చూడండి. స్పీడ్ ప్లాన్ పెంచితే ఇది తగ్గదు, అడ్డకమ్మీ ఎత్తు అంతే ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. బ్రాంచ్‌లో, హెడ్ ఆఫీసులో రెండుచోట్లా 192.168.1తో మొదలయ్యే ఐపీ అడ్రస్‌లే (నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌కి ఇచ్చే నంబర్లు) పెట్టకండి. రెండు వీధుల్లో ఒకే డోర్ నంబరుంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? సిమ్ కనెక్షన్‌కి సాధారణంగా బయటి నుంచి చేరుకోగల ఐపీ ఉండదు, కాబట్టి టన్నెల్‌ని బ్రాంచ్ వైపు నుంచే మొదలుపెట్టించండి. రౌటర్‌కి యూపీఎస్ పెట్టి ఫైబర్ డబ్బాని మర్చిపోకండి. నెట్ కంపెనీ 99.5 శాతం సమయం లైన్ ఉంటుందని గ్యారంటీ రాసిస్తే మురిసిపోకండి, 30 రోజుల నెలలో 3.6 గంటలు ఆగినా వాళ్లు మాట తప్పినట్టు కాదు.

ఎస్డీ-వాన్ (ఉన్న లైన్లలో దారిని సాఫ్ట్‌వేరే ఎంచుకునే పద్ధతి) గురించి కొందరు అడిగారు, అది ఇంకో వీడియోలో చెప్తాను. ఈలోగా శనివారం సాయంత్రం బ్రాంచ్ మూసే ముందు మొదటి కేబుల్ చేత్తో పీకి, బిల్లు వెళ్తుందో లేదో చూడండి. మేనేజర్ గారికి ముందే చెప్పండి, లేకపోతే ఆయన ఫోన్ నాకొస్తుంది.