తలుపు మీద కాగితం: వేల్స్ ఆసుపత్రులు, లండన్ హెడ్డింగులు

హోస్ట్: అందరికీ నమస్కారం. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాం. కొండారెడ్డి బురుజుకు దగ్గర్లోనే మా గది, కింద ఆటోల హారన్లు వినపడితే ఏమనుకోవద్దు. ఈరోజు మనతో ఒక అన్న ఉన్నారు. ఇరవై రెండేళ్లు ఆదోని వైపు మండల విలేకరిగా పని చేశారు. కంట్రిబ్యూటర్ అంటారు కదా, నెల జీతం ఉండదు, అచ్చయిన వార్తను కొలిచి డబ్బులిస్తారు. పేరు చెప్పొద్దన్నారు, సరేనన్నాను. అన్నా, మీరు ఫోన్ చేసి బ్రిటన్‌లోని వేల్స్ గురించి మాట్లాడదాం అన్నప్పుడు నాకు అర్థం కాలేదు. ఆదోనికీ వేల్స్‌కీ ఏం సంబంధం?

విలేకరి: మా మేనకోడలమ్మా. నర్సింగ్ చదివి అక్కడికి పోయింది. వేల్స్‌లోనే ఉత్తరాన, ఇంగ్లండ్ సరిహద్దు పక్కన రెక్సమ్ అని ఊరుంది. ఆ వైపు ఆసుపత్రిలో పని చేస్తుంది. పోయిన నెల ఫోన్ చేసి ఏడ్చింది. నైట్ డ్యూటీ దిగి బస్సులో కూర్చుంటే, వెనక సీట్లో ఇద్దరు పేపర్ చూసుకుంటూ, ఇక్కడ జబ్బు పడితే అంతే సంగతులని మాట్లాడుకుంటున్నారంట. 'యూనిఫాం కనపడకుండా కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకున్నా మామా' అంది. పన్నెండు గంటలు నిలబడి పని చేసిన పిల్ల. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

హోస్ట్: అయ్యో.

విలేకరి: అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ నేను చేసిన పనే కనపడింది. అది తర్వాత చెప్తా.

హోస్ట్: ముందు వేల్స్ అంటే ఎంత దేశమో చెప్పండన్నా. బ్రిటన్ అంటే మనకు లండన్ ఒక్కటే తెలుసు.

విలేకరి: 2021 లెక్కల్లో 31 లక్షల జనం. మన పాత కర్నూలు జిల్లాలో 2011లోనే 40 లక్షలు, కడపలో 28 లక్షల చిల్లర. అంటే కడప కంటే కాస్త పెద్దది, మనకంటే చిన్నది. కానీ ఒక మాట చెప్పాలి. బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం 1948 జూలైలో మొదలైంది, ఎన్‌హెచ్‌ఎస్ అంటారు. దాన్ని తెచ్చిన ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్‌ది వేల్స్‌లోని ట్రెడీగర్. బొగ్గుగనుల ఊరు. అక్కడి పనివాళ్లు జీతంలోంచి చందా వేసుకుని, ఇంటిల్లిపాదికీ వైద్యం అందేలా ఒక సంఘం నడుపుకునేవారు. ఆ ఊరి అలవాటునే ఆయన దేశానికంతా తెచ్చాడు. అట్లాంటి గడ్డ అది.

హోస్ట్: మరి ఇప్పుడు ఆసుపత్రులు ఎవరి చేతిలో ఉన్నాయి?

విలేకరి: 1999 నుంచి వేల్స్ రాజధాని కార్డిఫ్‌లోని వేల్స్ ప్రభుత్వం చేతిలో. స్కాట్లండ్‌ది వేరే, ఇంగ్లండ్‌ది వేరే, ఉత్తర ఐర్లండ్‌ది వేరే. వేల్స్‌లో 2007 నుంచి మందుల చీటీకి డబ్బు కట్టే పని లేదు. ఇంగ్లండ్‌లో చాలామంది ఇప్పటికీ కట్టాల్సిందే. ఒకే పేరు మీద నాలుగు వేర్వేరు సంసారాలు అనుకో. వేల్స్‌లో సొంత పేపర్లు తక్కువ. జనం ఎక్కువగా చదివేది లండన్‌లో తయారయ్యే పేపర్లే.

హోస్ట్: అంటే మన వార్త హైదరాబాద్ డెస్క్‌లో తయారైనట్టు.

విలేకరి: అంతకంటే ఎక్కువ. మనకు కనీసం జిల్లా పేజీలు ఉండేవి. 2008లో, బీబీసీని అప్పట్లో పర్యవేక్షించే బీబీసీ ట్రస్ట్ వాళ్లే ఆంథోనీ కింగ్ అనే ప్రొఫెసర్‌తో ఒక నివేదిక రాయించారు. దానికోసం కార్డిఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు బీబీసీ జాతీయ వార్తల్ని కొన్ని వారాల పాటు లెక్కపెట్టారు. ఆరోగ్యం, చదువుల మీద 136 వార్తలు వచ్చాయి. అందులో ఇంగ్లండ్ గురించి ఎన్నో చెప్పు.

హోస్ట్: వందా? నూట పదా?

విలేకరి: 136.

హోస్ట్: అన్నీనా?

విలేకరి: అన్నీ. ఆ తర్వాత బీబీసీ పద్ధతి మార్చుకునే ప్రయత్నం చేసింది, అది ఒప్పుకోవాలి. కానీ 2020 మే 10 సంగతి చూడు. కరోనా కాలం. అప్పటి బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ టీవీలో కూర్చుని లాక్‌డౌన్ సడలిస్తున్నామన్నాడు. అది ఇంగ్లండ్‌కే. వేల్స్‌లో ఇంట్లోనే ఉండాలన్న నిబంధన అట్లాగే ఉంది. లండన్ పేపర్ ఒక్కటే చదివేవాడికి అది ఎట్లా తెలుస్తుంది?

హోస్ట్: ఇది పట్టించుకోకపోవడం. మీరు ఫోన్‌లో చెప్పింది ఇంకోటి, కావాలని చెడ్డగా చూపించడం.

విలేకరి: అది 2014లో జరిగింది. ఏప్రిల్‌లో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ వేల్స్‌లో తన పార్టీ సభకు వచ్చి, ఆఫా కట్ట చావుకూ బతుక్కూ మధ్య గీత అయిపోయిందన్నాడు. ఆఫా కట్ట అంటే ఎనిమిదో శతాబ్దంలో ఆఫా అనే రాజు వేయించిన మట్టికట్ట, ఇంగ్లండ్‌కూ వేల్స్‌కూ మధ్య హద్దులాంటిది. అటు పక్క బతుకు, ఇటు పక్క చావు అని ఆయన మాట. అప్పుడు వేల్స్‌లో ఉన్నది లేబర్ పార్టీ ప్రభుత్వం, ఆయనకు ఎదురు పార్టీ. 2015 మేలో దేశమంతా ఎన్నికలు. దానికి ముందు, 2014 అక్టోబర్‌లో లండన్ పేపర్ డైలీ మెయిల్ వేల్స్ ఆసుపత్రుల మీద రోజుల తరబడి వరసగా రాసింది.

హోస్ట్: అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు.

విలేకరి: అంతేనమ్మా. కోపం లేబర్ మీద, పగిలింది వేల్స్ రోగి ధైర్యం. అదే 2014లో నఫీల్డ్ ట్రస్ట్ అనే సంస్థ నాలుగు వ్యవస్థల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. 2016లో ఓఈసీడీ అనే ధనిక దేశాల సంస్థ కూడా చూసింది. రెండూ చెప్పింది ఇంచుమించు ఒకటే, ఫలానాదే అన్నిట్లో మేలు అనడానికి లేదని. ఒకదాంట్లో వీళ్లు ముందుంటే ఇంకోదాంట్లో వాళ్లు. అంత చప్పటి మాటకు ఎవరు హెడ్డింగ్ పెడతారు? నేనూ పెట్టేవాణ్ణి కాదు.

హోస్ట్: ఆ గీత అన్న మాట వింటే నాకు పుల్లూరు గుర్తొచ్చిందన్నా.

విలేకరి: నాకూ అదే గుర్తొచ్చింది.

హోస్ట్: వినేవాళ్లకు చెప్తాను. కర్నూలు దాటి తుంగభద్ర వంతెన ఎక్కితే అవతల తెలంగాణ. 2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో, పుల్లూరు టోల్‌గేటు దగ్గర మనవైపు నుంచి హైదరాబాద్ పోయే అంబులెన్సుల్ని ఆపేశారు. లోపల ఆక్సిజన్ మీద మనుషులు, బయట రోడ్డు మీద చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాళ్లవాళ్లు. చివరికి తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చాకే బండ్లు కదిలాయి.

విలేకరి: అది నిజంగా గీసిన గీత. మామూలు రోజుల్లో అట్లా ఉండదు కదా. అలంపూర్ వాళ్లు, గద్వాల వాళ్లు మన పెద్దాసుపత్రికే వస్తారు. ఆలూరు వాళ్లు బళ్లారి పోతారు. జబ్బుకు రాష్ట్రమేంది? వేల్స్‌లోనూ అంతే. పొవిస్ అని నడిమధ్య పెద్ద ప్రాంతం, అక్కడ పెద్దాసుపత్రే లేదు. వాళ్లంతా ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీకో హెరెఫర్డ్‌కో పోతారు. ఉత్తరాన చాలామంది చెస్టర్ పోతారు. ఏటా వేలమంది కట్ట దాటుతుంటే, దాన్ని చావుబతుకుల గీత అనడం ఎంత అన్యాయం!

హోస్ట్: అంకెల సంగతి ఒకటి అడగాలి. వేల్స్‌లో వెయిటింగ్ లిస్ట్ 8 లక్షలని నేనూ చదివాను. 31 లక్షల్లో 8 లక్షలంటే టెన్షన్ పుడుతుంది.

విలేకరి: 2024 చివర్లో 8 లక్షలు దాటింది, నిజమే. కానీ అది మనుషుల లెక్క కాదు, కేసుల లెక్క. ఒక ముసలాయనకు మోకాలు ఆపరేషన్ కావాలి, కంటికి శుక్లం తీయాలి. ఆయన రెండు. మనుషుల్ని లెక్కపెడితే 6 లక్షల పైచిలుకు. అంబులెన్సులు చూడు. 2015 అక్టోబర్ నుంచి వేల్స్ పద్ధతి మార్చింది. ప్రాణం మీదికి వచ్చిన ఫోన్లకే 8 నిమిషాల గడువు పెట్టుకుంది, 2025లో అదీ మార్చింది. ఇంగ్లండ్‌లో లెక్క ఇంకో తీరు. ఒకరు శేరుతో కొలుస్తారు, ఇంకొకరు కిలోతో. రెండు అంకెలు పక్కపక్కన అచ్చేస్తే పాఠకుడు ఏమనుకోవాలి?

హోస్ట్: అయినా 6 లక్షలు కూడా తక్కువ కాదన్నా. ఇట్లా మాట్లాడితే ప్రభుత్వానికి సాకు దొరకదా?

విలేకరి: దొరుకుతుంది. నన్ను బాధపెట్టేది అదే. 2024 చివర్లో వేల్స్‌లో రెండేళ్లకు మించి ఎదురుచూసేవాళ్లు వేలల్లో ఉన్నారు. అప్పుడు ఇంగ్లండ్‌లో అట్లాంటివాళ్లు చాలా తక్కువ. ఉత్తర వేల్స్ ఆరోగ్య బోర్డును వాళ్ల ప్రభుత్వమే 2015లో ఒకసారి, 2023లో మళ్లీ ప్రత్యేక పర్యవేక్షణ కిందికి తెచ్చింది. ఇవి రాయాల్సిన వార్తలు, గట్టిగా రాయాల్సినవి. కానీ పదేళ్లు అబద్ధపు పోలికలతో కొట్టాక, నిజమైన లోపం చెప్పినా జనం ఇది కూడా లండన్ వాళ్ల ఏడుపే అంటారు. పాలించేవాడు ఆ మాట చాటున దాక్కుంటాడు. మోకాలి నొప్పితో రెండేళ్లు కూర్చున్న ముసలామె గోడు ఎవరికీ పట్టదు.

హోస్ట్: ఇందాక మీరు చేసిన పని అన్నారు.

విలేకరి: (కాసేపు మౌనం) ఒక పల్లెలో పీహెచ్‌సీ. ఏ ఊరో చెప్పను. పొద్దున పదిన్నరకు పోతే తాళం వేసి ఉంది. బయట ముగ్గురు ఆడవాళ్లు, ఒకామె నిండు గర్భిణి, అరుగు మీద కూర్చున్నారు. ఫోటో తీసుకున్నా, ఐటెం పంపినా. డెస్క్‌లో హెడ్డింగ్ పెట్టారు, 'వైద్యం గాల్లో దీపం' అని. ఫోటో మూడు కాలమ్‌లు. మండలంలో నాకు భలే పేరొచ్చింది.

హోస్ట్: తర్వాత?

విలేకరి: పది రోజులకు ఆ ఊరి ఏఎన్‌ఎం బస్టాండులో కనపడింది. 'అన్నా, మీరు తలుపు ఫోటో తీసినారు గానీ తలుపు మీద కాగితం చదవలేదు' అనింది. ఇంటికి పోయి ఫోటో తీసి చూసినా. ఉంది. నోట్‌బుక్ కాగితం, అన్నం మెతుకులతో అంటించింది. పిల్లలకు టీకాలు వేయడానికి అందరూ పక్క తండాకు పోయినారని, మధ్యాహ్నం రెండుకు వస్తామని రాసి ఉంది. నా ఫోటోలోనే ఉంది, అచ్చులో చదవలేనంత చిన్నగా.

హోస్ట్: తప్పు దిద్దుకున్నారా?

విలేకరి: డెస్క్‌కు ఫోన్ చేస్తే, పాత వార్త కదా వదిలేయమన్నారు. మూడుసార్లు చేస్తే రెండు లైన్ల సవరణ వేసినారు, రేపటి కరెంటు కోతల పక్కన. అది ఎవరు చూస్తారు? మూడు కాలమ్‌ల ఫోటో అందరూ చూసినారు. ఆ ఊరి గర్భిణులు నెల రోజుల పైన ఆ పీహెచ్‌సీ గడప తొక్కలేదంట. ఆటో మాట్లాడుకుని ఆదోనికి పోయినారు. ఆ రోడ్డు నీకు తెలుసు కదా, వానొస్తే ఎట్లుంటుందో. ఒక్కొక్కరికి ఆటో ఖర్చు రెండు రోజుల కూలి.

హోస్ట్: ఆ పీహెచ్‌సీలో లోపాలేం లేవా మరి?

విలేకరి: ఎందుకు లేవు? నీళ్లు లేవు. కాన్పు గదిలో ఫ్యాన్ తిరగదు. డాక్టరు వారానికి నాలుగు రోజులే. అవి రాయాల్సింది నేను. రెండు నెలల తర్వాత నీళ్ల సంగతి రాసి పంపితే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ఆ బోరు పడడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

హోస్ట్: మేనకోడలికి ఇదంతా చెప్పారా?

విలేకరి: చెప్పినా. బస్సులో ఆ ఇద్దరికీ ఏం చెప్పాల్సిందని అడిగింది. ఏం చెప్పమంటావు, వాళ్లు చదివిందే వాళ్లకు తెలుసు. ఇప్పుడు నెలనెలా వేల్స్ అంకెలు వచ్చినప్పుడల్లా నాకు వాట్సాప్‌లో పంపుతుంది. కేసులు ఎన్ని, మనుషులు ఎంతమంది, పోయిన నెల కంటే ఎంత తేడా అని నేను నోట్‌బుక్‌లో రాసి పెడుతున్నా. ఈ నెల రెండేళ్లు దాటినవాళ్ల లెక్క కింద గీత గీసి పెట్టింది. 'మామా, ఇది మాత్రం గట్టిగా రాయాలి, మా వార్డులోనే చూస్తున్నా' అంది.

హోస్ట్: ఆ నోట్‌బుక్ వచ్చే వారం తీసుకురండన్నా. మన పెద్దాసుపత్రి ఓపీ అంకెలు నేను తెస్తాను, రెండూ పక్కన పెట్టుకుని కూర్చుందాం.

విలేకరి: ఎట్లా కొలిచినారో ముందు అడిగి తీసుకురామ్మా.

హోస్ట్: అడిగే తెస్తాను.