కొత్తది కొనే ముందు ఒకసారి విప్పి చూద్దాం

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద ఉన్న యంత్రాన్ని మీలో చాలామంది గుర్తుపట్టే ఉంటారు. ఈత కొలను అడుగున పాకుతూ మట్టిని, ఆకులను లాక్కునే రోబో ఇది. జడ్చర్ల వైపు ఒక తోట ఇంటి నుంచి నిన్న సాయంత్రం వచ్చింది. "మోటారు కాలిపోయింది, కొత్తది కొనాల్సిందేనన్నారు. అయినా మీరొకసారి చూడండి" అని యజమాని ఇచ్చి వెళ్లారు. నేనింకా మూత కూడా తీయలేదు. మాటలయ్యాక మీ ముందే విప్పుదామని అలాగే ఉంచాను.

నేను పని నేర్చుకున్నది దేవరకొండలో, బోరు మోటార్లు చుట్టే షాపులో. ఏప్రిల్, మే నెలల్లో ఆ షాపు ముందు ట్రాలీ ఆటోలు వరుసగా నిలబడేవి. బత్తాయి తోట ఎండిపోతోందని రైతులు రాత్రంతా అక్కడే కూర్చునేవారు. కాలిన మోటారును ఎవరూ పారేసేవారు కాదు. తీగ తీసి మళ్లీ చుట్టేవాళ్లం, బుష్‌లు మార్చేవాళ్లం, తెల్లారేసరికి అది మళ్లీ బోరులోకి దిగేది. మన పాలమూరు, నల్గొండ ప్రాంతాల్లో నీళ్లు తోడే యంత్రం మీద మనకున్న నమ్మకం అలాంటిది. ఆ నమ్మకం నాకిప్పటికీ ఉంది. కానీ దాన్ని ఈ రోబో మీద ఉన్నదున్నట్టు పెడితే డబ్బు పోతుంది. ఎందుకో చెబుతాను.

మన బోరు మోటారుల్లో ఎక్కువ రకాలు లోపల నీళ్లతో నిండి ఉంటాయి. చుట్టే తీగకే ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి నీళ్లు తగిలినా నష్టం లేదు. ఈ రోబో మోటారు పెట్టె దానికి పూర్తిగా వ్యతిరేకం. లోపలికి ఒక్క చుక్క కూడా రాకూడదు. అందులో నీళ్లు లాగే మోటారు ఉంటుంది, యంత్రాన్ని నడిపించే మోటారు ఉంటుంది, వాటిని ఆడించే ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. బయటికి వచ్చే ఇరుసుల దగ్గర చిన్న రబ్బరు సీళ్లు, అంతే. ఆ సీలు అరిగి నీళ్లు లోపలికి వెళ్లాయంటే అది చుట్టించుకుంటే తీరే జబ్బు కాదు.

అందుకని బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్న ప్రశ్నకు ముందు మరో ప్రశ్న ఉంది: పోయింది ఏది? యంత్రం అనగానే మనం ఒక్కటనుకుంటాం. నిజానికి మూడు. గట్టు మీద ఉండే కరెంటు పెట్టె, నీళ్ల మీద తేలే కేబుల్, అడుగున తిరిగే యంత్రం. పెట్టె మన ఇంటి 230 వోల్టులను సుమారు 24 నుంచి 30 వోల్టుల డీసీగా మారుస్తుంది. కొలనులోకి దిగేది ఆ తక్కువ వోల్టేజీ మాత్రమే.

ముందు కేబుల్‌ను పెట్టె నుంచి ఊడదీసి పెట్టె ఒక్కదాన్నే వేయండి. అప్పుడు కూడా లోపం ఉందని చూపే లైటు వెలిగితే లోపం పెట్టెలోనే. కేబుల్ తగిలించగానే కొన్ని సెకన్లలో ఆగిపోతుంటే కేబుల్‌లో గానీ, యంత్రంలో గానీ ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త. మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ సున్నా చూపగానే పెట్టె పోయిందని తీర్పు చెప్పకండి. కొన్ని పెట్టెలు యంత్రం తగిలి ఉంటేనే వోల్టేజీ ఇస్తాయి. ఇంకొకటి, నీళ్ల బయట యంత్రాన్ని నిమిషాల తరబడి తిప్పి చూడకండి. ఆ సీళ్లకు నీళ్లే తడి, నీళ్లే చల్లదనం.

కేబుల్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అన్యాయంగా చెత్తలోకి వెళ్లే యంత్రాల్లో చాలావాటి జబ్బు అక్కడే. యంత్రంలోకి దూరే చోట అది రోజూ వంగుతుంది. పైన తొడుగు నున్నగా, కొత్తగా కనిపిస్తుంది. షాద్‌నగర్ దగ్గర ఒక కొలనులో యంత్రం రెండు నిమిషాలు నడిచి ఆగేది. పెట్టె మార్చారు, లాభం లేదు. కేబుల్‌ను నా వేళ్ల మధ్య పెట్టుకుని అంగుళం అంగుళం నొక్కుతూ వెళ్లాను. యంత్రానికి జానెడు దూరంలో ఒక చోట మెత్తగా తగిలింది. బ్లేడుతో తొడుగు చీలిస్తే రాగి పోగులు ఆకుపచ్చగా మారి, ముట్టుకోగానే పొడిలా రాలాయి. ఎక్కడో సూది మొనంత రంధ్రం నుంచి నీళ్లు తీగ వెంట పాకాయి. ఆ పచ్చదనం ఎంత దూరం పోయిందో చూసి, మంచి రాగి కనబడేదాకా కోసి, మళ్లీ సీలు చేసి బిగించాం. కేబుల్ రెండు మూరలు తగ్గింది, యంత్రం బతికింది.

ఆ పచ్చదనం యంత్రం చివర ఉంటే ఇలా చేయవచ్చు. పెట్టె చివర ఉంటే ఇంకా సులువు, ఎందుకంటే ఆ అతుకు నీళ్ల బయటే ఉంటుంది. నడి మధ్యలో ఉంటే మాత్రం టేపు చుట్టి అతకడానికి ఒప్పుకోకండి. నీళ్లలో నానే అతుకు నిలవదు. అప్పుడు కేబుల్ మొత్తం మార్చాలి.

అరిగే భాగాలైన పట్టాలు (యంత్రాన్ని పాకించే రబ్బరు పట్టీలు), బ్రష్‌లు, బుష్‌లు, ఫిల్టర్ల గురించి ఆలోచించాల్సిందే లేదు. మార్చేయండి. గోడ ఎక్కడం మానేసిన యంత్రానికి చాలాసార్లు కావలసింది కొత్త బ్రష్, కడిగిన ఫిల్టరు మాత్రమే. ఒక పక్కకే గుండ్రంగా తిరుగుతుంటే ముందు ఆ పక్క పట్టా చూడండి. నీళ్లు లాగే రెక్కకు జుట్టు, వేపాకు ఈనెలు చుట్టుకుని బిగిస్తే మోటారు కాలినట్టే ప్రవర్తిస్తుంది. ప్లగ్గు తీసేసి, పట్టకారుతో లాగితే చేతికి చిన్న జడంత వస్తుంది.

ఇక మోటారు పెట్టె. అది పోతేనే అసలు లెక్క వేయాలి. లెక్క కోసం అనుకుందాం: కొత్త యంత్రం లక్ష రూపాయలు, మన దగ్గర 6 ఏళ్లు నడుస్తుంది. అంటే ఏడాదికి 16 వేల చిల్లర. 5 ఏళ్లు దాటిన యంత్రానికి 55 వేలు పెట్టి మోటారు పెట్టె వేస్తే, పట్టాలు, కేబుల్ పాతవే కాబట్టి మరో 2 ఏళ్లు వస్తుందనుకోండి. ఏడాదికి 27,500 పడింది. కొనడమే మేలు. అదే 2 ఏళ్ల యంత్రానికి 18 వేల కేబుల్ వేస్తే ఇంకో 4 ఏళ్లు. ఏడాదికి 4,500. బాగు చేయించాలి. మీ ధరలు వేసుకుని ఇదే లెక్క చేయండి. మరమ్మతు ఖర్చును కొత్తదాని ధరతో పోల్చడం కాదు, ఆ ఖర్చు ఎన్నేళ్లు కొంటోందో చూడాలి.

మోటారు పెట్టెను కోసి, లోపల ఆరబెట్టి, జిగురు పూసి మూస్తామని చెప్పేవారు వస్తారు. వాళ్ల నేర్పును నేను తక్కువ చేయను. కానీ తడిసిన బోర్డు ఆరాక పనిచేసినా, తుప్పు ఆగదు. ఇక గట్టు మీది అసలు కరెంటు పెట్టె దొరకడం లేదని బ్యాటరీ చార్జరో, మరో సప్లయో తగిలించి నడపడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. కొలనులో దిగేది మన పిల్లలు. కరెంటు పెట్టెను నీళ్ల అంచుకు కనీసం మూడున్నర మీటర్ల దూరంలో, నీడలో పెట్టండి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, ఉండాలి, యంత్రం తిరుగుతుంటే నీళ్లలో మనిషి ఉండకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట. కారణం తెలియకుండా కొత్తది కొంటే అదీ అలాగే పోతుంది. మన బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే ఆ పెచ్చే ఇరుసు చుట్టూ పేరుకుని, ఉప్పుకాగితంలా సీలును అరగదీస్తుంది. నీళ్ల పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంచితే పెచ్చు తగ్గుతుంది. వాడాక యంత్రాన్ని పిడి పట్టుకుని పైకి తీయాలి, కేబుల్ పట్టి లాగకూడదు. మంచినీళ్లతో కడిగి నీడలో పెట్టాలి. క్లోరిన్ ఎక్కువ మోతాదు వేసిన రాత్రి లోపల వదిలేయకూడదు.

పటిక సంగతి కూడా. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ మన నల్గొండ పేరే పెట్టింది. పటిక మురికిని ముద్ద కట్టించి అడుగుకు దించుతుందని మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. కొలను పచ్చబడగానే పటిక చల్లేది అందుకే. కానీ ఆ మెత్తటి మడ్డి మీదికి రోబోను దించితే ఫిల్టరు పూడుకుపోయి మోటారు వేడెక్కుతుంది. ఆ రోజు చేతి వాక్యూమ్‌తో మడ్డిని నేరుగా బయటికి పంపండి. కొన్ని నీళ్లు పోతాయి, తప్పదు. మిగతా రోజుల్లో రోబో తన ఫిల్టరులోనే మట్టి పట్టుకుని నీళ్లు మిగులుస్తుంది. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు కొలనులో 75 వేల లీటర్లు పడతాయి. ట్యాంకరు కోసం ఎదురు చూసే ఊళ్లలో ఆ పొదుపు చిన్నది కాదు. అందుకే ఈ యంత్రం బతకాలని నా ఆరాటం. అయితే ఏడాదికి రెండు నెలలు మాత్రమే నింపే చిన్న కొలనైతే, పోయినదాన్ని బాగు చేయించనూ వద్దు, కొత్తది కొననూ వద్దు. చేతి వాక్యూమ్ చాలు.

ఇవన్నీ చూసే ముందు రోజూ ఆ యంత్రాన్ని ఎత్తి దించే మనిషిని అడగండి. నిన్న యజమాని వెళ్లాక, దీన్ని మోసుకొచ్చిన వాచ్‌మన్ గుమ్మం దగ్గర ఆగి, "సార్, నెల రోజుల నుంచి గుర్రుమంటోంది. ఫిల్టరు కడిగిన రోజు మాత్రం చప్పుడు ఉండదు" అన్నాడు. ఇన్నాళ్లూ అతణ్ని ఎవరూ అడగలేదు.

అతని మాట పట్టుకునే మొదలుపెడదాం. ప్లగ్గు తీసే ఉంది, చూడండి. ముందు ఫిల్టరు, ఆ తర్వాత రెక్క మీది మూత తీస్తాను. వెనక ఉన్నవారు దగ్గరికి రండి. ఆ స్క్రూడ్రైవర్ ఇలా అందివ్వండి.